నెత్తుటి కణమును నిలబెట్టు వల



వెదురుబద్దలతో నల్లి, పైన పేడయు మట్టియు కలిపి అలికిన గాదెను మీలో పెద్దవారందఱును చూచియే యుందురు. వెలుపలినుండి చూచువానికి అలుకు తప్ప వేఱేమియు కనబడదు. గాదె గుండ్రముగా నిలిచియుండుట ఆ అలుకు మహిమయే యని పట్టణపు పిల్లవాడు తలచినను తలచును. అలుకు రాలిన నాడు గాని లోపలి అల్లిక వాని కంటబడదు. మన నెత్తుటిలోని ఎఱ్ఱకణముల విషయమున లోకములోని శాస్త్రజ్ఞులు రమారమి మూడువందల యేండ్లు ఆ పిల్లవానివలెనే యుండిరి. అలుకు నెఱిగిరి గాని అల్లిక నెఱుగరు. అది యెట్లు బయటపడినదో నేడు చెప్పదలచితిని.

నేను వైద్యుడను గాను. అమరము, వ్యాకరణము, కొన్ని కావ్యములు గురుముఖమున చదువుకొని, తెలుగు పండితుడనై ముప్పది నాలుగేండ్లు పిల్లలకు పాఠములు చెప్పినవాడను. ఇట్టి నాకు ఈ విషయముపై మనసు పోవుటకు ఒక బాలుడు కారణము. వాని మాట ముందు చెప్పవలెను.

1991వ సంవత్సరమున నా తరగతిలో ఒక పిల్లవాడుండెను. వాని కన్నులు ఎల్లప్పుడును పసుపుపచ్చగా నుండెడివి. మధ్యాహ్నము రెండు గంటలగునప్పటికి తలవాల్చి నిదురించెడివాడు. ఆ యింటివారిని ఊరిలో ‘పచ్చకళ్ళవారు’ అని వాని తాతనాటినుండి పిలుచుచుండిరి. అది యింటిపేరువంటిదే యని అందఱమును అనుకొంటిమి గాని, ఏల వచ్చెనని యెవరును విచారింపలేదు. నేనును విచారింపలేదు. వానిని సోమరి యని యెంచి రెండు మూడు పర్యాయములు బల్లమీద నిలువబెట్టితిని. ఒకనాడట్లు నిలిచియుండగా చొక్కా కొంచెము పైకి లేచెను. ఎడమవైపు ప్రక్కటెముకల క్రింద వరుసగా నాలుగు కాలిన మచ్చలు కనబడెను.

‘‘ఏమిరా అవి?’’ అంటిని.

‘‘కడుపులో బల్ల ఉందండి మాస్టారూ. మా నాయనమ్మ వాతలు పెట్టించింది’’ అనెను.

ఉబ్బిన ప్లీహమును మనవారు బల్ల యందురని మీకు చెప్పనక్కఱలేదు. లోపల బల్ల పెట్టు బాధ చాలక, వానిని నేను కఱ్ఱబల్ల యెక్కించితిని. శ్లేషాలంకారమును బోధించు పండితునకు ఇంతకంటె చేదైన శ్లేష దొరకదు.

కామెరలని పసరులు పోయించిరి, బల్ల యని కాల్పించిరి. తుదకు పట్టణములో నొక వైద్యుడు వాని నెత్తుటిచుక్కను గాజుపలకపై రాచి సూక్ష్మదర్శినిలో చూచి, కాలేయము బాగుగనే యున్నది, వీని ఎఱ్ఱకణములే గుండ్రముగా నున్నవి, అదే రోగము అని చెప్పెను. వాని తండ్రి నా యొద్దకు వచ్చి, ‘‘గుండ్రంగా ఉంటే రోగమేంటండి పంతులుగారూ?’’ అని యడిగెను. నాకు జవాబు తోచలేదు. దానిని వెదకుచు పోగా తెలిసిన చరిత్రయే యిది.

నెత్తుటి కణమును మొదట చూచినవారు హాలెండు దేశస్థులు. 1658లో స్వామర్డామ్ అను యువకుడు కప్ప నెత్తుటిలో వీనిని చూచెను. 1674లో డెల్ఫ్ట్ నగరవాసి యగు లేవెన్‌హుక్ మనుష్యుని నెత్తుటిలోని కణములను చక్కగా వర్ణించెను. ఈ లేవెన్‌హుక్ విశ్వవిద్యాలయపు మెట్లెక్కినవాడు కాడు. ఆనాటి పండితభాషయైన లాటిను రాదు. గుడ్డల వర్తకుడు. తాను సానపట్టిన చిన్న గాజుబిళ్ళతో చూచి, చూచినది చూచినట్లు తన దేశభాషలో లండను రాయల్ సొసైటీ వారికి జాబులు వ్రాసెడివాడు. పండితుడు కాకపోవుటయే యొక్కొక్కప్పుడు మేలు. ఆ రోజులలోనే అతడు వ్రాసిన మాట యొకటి నన్ను మిక్కిలి ఆశ్చర్యపఱచెను. ఆరోగ్యవంతుని కణములు మెత్తగా, వంగునవిగా నుండవలెననియు, సన్నని నాళములలో దూఱునప్పుడు కోలగా సాగి, విశాలమైన చోటికి రాగానే మరల గుండ్రనగుననియు, తాను జబ్బుపడినప్పుడు తన కణములు బిఱుసుగా నుండి, కోలుకొన్న పిమ్మట మెత్తబడినట్లు తోచెననియు అతడు వ్రాసెను. సాగుటకును, మరల తన రూపమునకు వచ్చుటకును కణములో నేమున్నదను ప్రశ్న అప్పుడే పుట్టినది. జవాబు చెప్పుట కెవరికిని శక్తి లేకపోయెను.

లేవెన్‌హుక్ ఒక్కచో పొరబడెను. కణము బంతివలె నుండునని యనుకొనెను. లండనులో విలియం హ్యూసన్ అను వైద్యుడు 1773లో ఆ పొరపాటును దిద్దెను. అంతకు ముందు చూచినవారు నెత్తుటిని నీటితో పలుచన చేసి చూచెడివారు. హ్యూసన్ నెత్తుటినుండి తేరిన రసముతోనే దానిని పలుచన చేసి, కణములు దొర్లునట్లు గాజుపలకను వాల్చి చూచెను. అవి బంతులు గావు, గినీ నాణెములవలె చదునుగా నున్నవి. నీరు తగిలిన క్షణములో ఉబ్బి బంతులగుచున్నవి. మరుసటి యేడే, శవపరీక్షలో తగిలిన గాయము విషమించి, ముప్పదియైదేండ్లయిన నిండకముందే అతడు మరణించెను.

ఇక కణము కొలతలు చెప్పెదను. మిల్లీమీటరును 1000 భాగములు చేసిన, అందు ఏడెనిమిది భాగముల వెడల్పు, రెండు భాగముల మందము. పిండిబిళ్ళను రెండు ప్రక్కల బొటనవ్రేళ్ళతో నొక్కినట్లు నడుమ పల్లముగా నుండును. ఒక ఘన మిల్లీమీటరు నెత్తుటిలో ఇట్టివి సుమారు 50 లక్షలు. ఒక్కొక్కదాని ఆయుర్దాయము 120 దినములు. ఈ 120 దినములును రమారమి నిమిషమున కొకమారు దేహమంతయు చుట్టి రావలెను. దారిలో నాలుగైదు భాగముల వెడల్పే గల నాళములున్నవి. అన్నిటికంటె ఇఱుకైనవి ప్లీహములోని సందులు. అవి ఒకటి రెండు భాగములకు మించవు. ఏడెనిమిది భాగముల బిళ్ళ వానిలో దూఱి, చినుగక, అవతలికి వచ్చి మరల బిళ్ళయే కావలెను. తక్కిన కణములకున్నట్లు దీనికి నడుమ బీజము లేదు. లోపల నున్నది ఎఱ్ఱని చిక్కని ద్రవము మాత్రమే. దూలము లేదు, నిట్రాడు లేదు. ఇల్లెట్లు నిలిచినది?

ఇచ్చట కథ రెండు దారులు పట్టినది. ఒకటి రోగులను చూచు వైద్యుల దారి. రెండవది కణమును విప్పిచూచు రసాయనజ్ఞుల దారి. నూఱేండ్లకు పైగా ఈ రెండును ఒకదాని నొకటి యెఱుగక సాగినవి.

వైద్యుల దారి 1871లో బెల్జియము దేశమున మొదలైనది. వాన్లేర్, మాసియస్ అను నిద్దఱు, మాటిమాటికి కామెరలు వచ్చు నొక యువతి నెత్తుటిలో చిన్నవై, గుండ్రనివైన కణములను చూచి వ్రాసిరి. ఆ వ్రాత మఱుగున పడిపోయెను. 1900లో జర్మనీలో మింకోవ్‌స్కీ ఒక కుటుంబమున మూడు తరములలో ఎనిమిది మందికి ఈ జబ్బున్నట్లు చూపెను. మధుమేహమునకును క్లోమమునకును గల సంబంధమును అంతకు ముందు కనిపెట్టినవారిలో నితడొకడు. మూడు తరములని చదివినప్పుడు నాకు మా యూరి పచ్చకళ్ళవారే కన్నులయెదుట నిలిచిరి. 1907లో పారిస్ నగరమున షోఫార్ అను వైద్యుడు ఈ రోగుల కణములను ఉప్పు తక్కువైన నీటిలో వేసి, ఇవి తక్కినవారి కణములకంటె త్వరగా పగులుచున్నవని నిరూపించెను. హ్యూసన్ నీటిలో చూచిన ఉబ్బే యిది. ఇవి ముందే ఉబ్బియున్నవి గనుక కొంచెము నీటికే బ్రద్దలగును.

అయినను నేరమంతయు ప్లీహముమీదనే మోపిరి. దానికి కారణము లేకపోలేదు. 1887లో ఇంగ్లండులో స్పెన్సర్ వెల్స్ అను శస్త్రవైద్యుడు, మాటిమాటికి పచ్చబడుచుండిన యొక యువతికి పెరిగిన ప్లీహమును కోసి తీసివేసెను. కామెరలు మాయమయ్యెను. తరువాతి కాలమున అనేకులకు అట్లే చేసి గుణము చూచిరి. ప్లీహము పోయిన రోగము పోవుచున్నది, కావున ప్లీహమే దోషి. తర్కము చదివినవానికి ఇందలి లొసుగు తెలియును. దొంగను పట్టిన తలారిని ఊరినుండి వెళ్ళగొట్టిన, పట్టుబడుట ఆగును గాని దొంగ దొర కాడు. వెల్స్ చేతిమీద స్వస్థత పొందిన ఆ స్త్రీని నలుబదేండ్లకు పిమ్మట డాసన్ ప్రభువను వైద్యుడు పరీక్షించెను. ఆమె ఆరోగ్యముగనే యుండెను. కాని నెత్తుటి కణములు మాత్రము అప్పటికిని సులభముగా పగులునవియే. 1931లో ఆయన ఈ సంగతి ప్రకటించెను. దోషము కణముదే. కణములో నెచ్చట?

మన ప్రాచీన వైద్యగ్రంథములలో, సుశ్రుతుని సంహితయందును, రక్తమునకు మూలస్థానములు యకృత్తు, ప్లీహము అని చెప్పబడియున్నది. రక్తమునకును ప్లీహమునకును పొత్తు గలదని మనవారు గ్రహించుట గొప్పయే. అంతమాత్రమున, ఇప్పుడు చెప్పబోవునది యంతయు వారికి ముందే తెలియునని కొందఱు పలుకుట నాకు సమ్మతము గాదు. కంటికి కనబడనిదానిని కనుగొన్నవారి కష్టమును వారికే యుంచుట న్యాయము.

రెండవ దారికి వత్తము. కణముపైనున్న పొర నూనెవంటి కొవ్వుతో నైనదని పందొమ్మిదవ శతాబ్ది చివరనే యూహించిరి. 1925లో హాలెండులోని లైడెన్ నగరమున గోర్టర్, గ్రెండెల్ అను నిద్దఱు ఎఱ్ఱకణములనుండి కొవ్వునంతయు తీసి నీటిపై తెట్టుగా పఱచి కొలిచిరి. ఆ తెట్టు కణముల పైవైశాల్యమునకు రెట్టింపయ్యెను. కావున పొరలో కొవ్వు రెండు వరుసలుగా నున్నదని తేల్చిరి. తమాషా యేమన, వారు కొవ్వును పూర్తిగా తీయలేకపోయిరి. కణపు వైశాల్యమును గూడ తక్కువగా కొలిచిరి. రెండు తప్పులును ఒకదాని నొకటి కొట్టివేసి సరియైన జవాబు వచ్చెను! నా శిష్యులెవరైన లెక్కలలో నిట్లు చేసియుండిన సున్న పెట్టెడివారము.

రెండు వరుసల కొవ్వు సరే. కాని నూనెతెట్టునకు రూపమేది? అది నీటిపై జాఱుచు పాఱుచు నుండునే గాని, లాగి వదలిన మరల యథాస్థితికి రాదు. ఇది అలుకు మాత్రమే. అల్లిక యెక్కడ?

అది దొరకినది దయ్యములలో. ఎఱ్ఱకణమును పలుచని నీటిలో వేసిన, లోపలి యెఱుపంతయు కాఱిపోయి, పాలిపోయిన తోలు మిగులును. రూపు మాత్రము లీలగా కనబడుచుండును. అందుచే పాశ్చాత్యులు దీనిని దయ్యమని పిలిచిరి. 1968లో అమెరికాలో విన్సెంట్ మార్చేసి, ఎడ్వర్డ్ స్టీర్స్ అనువారు ఈ దయ్యములను ఉప్పు మిక్కిలి తక్కువగా నున్న ద్రవములో నుంచిరి. ఒక మాంసకృత్తు పొరను విడిచి నీటిలోనికి దిగివచ్చెను. పొరలోని తక్కిన మాంసకృత్తులు కదలలేదు. దయ్యమునుండి పుట్టినది గనుక, దయ్యమను నర్థము గల పాశ్చాత్య పదమునుండి దానికి స్పెక్ట్రిన్ అని పేరు పెట్టిరి. ‘ప్రేతకము’ అని తెనిగింపవచ్చును గాని, దేహమును నిలబెట్టుదానికి అంత అమంగళమైన పేరు పెట్టుటకు నాకు మనసొప్పదు. స్పెక్ట్రిన్ అనియే యందము. ఇది పోయిన దయ్యములు రూపు నిలుపుకొనలేక చిన్న చిన్న బుడగలుగా విడిపోవును.

1973లో షికాగోలో యూ, ఫిష్‌మన్, స్టెక్ అను మువ్వురు దీనికి విరుద్ధమైన పని చేసిరి. సబ్బువంటి యొక ద్రవముతో కొవ్వునంతయు కరగించివేసిరి. అలుకు కడిగివేసిరన్నమాట. ఏమియు మిగులరాదు గదా! కాని సూక్ష్మదర్శినిలో కణపు ఆకారము అట్లే నిలిచియుండెను. మిగిలినది స్పెక్ట్రిన్, ఆక్టిన్ అను రెండు మాంసకృత్తులు ముఖ్యముగా గల యొక అల్లిక. కణమునకు రూపము నిచ్చునది పైపొర గాదు, పొరక్రింది వల యని అప్పుడు తేటతెల్లమయ్యెను.

ఆ వల స్వరూపము ఇట్టిది. స్పెక్ట్రిన్ రెండు పేటల త్రాడు. అట్టి రెండు త్రాళ్ళు తలలు కలిపి ఒక పొడవైన త్రాడగును. పూర్తిగా సాగదీసిన దాని పొడవు మిల్లీమీటరులో 5000వ వంతు. మామూలుగా అది అందు మూడవ వంతు పొడవునకు ముడుచుకొనియుండును. లాగిన సాగుటయు, వదలిన ముడుచుకొనుటయు దీనివలననే. త్రాడు కొసలు పొట్టి ఆక్టిన్ పుల్లలకు కట్టబడియుండును. ఆ కట్టును బిగించునది 4.1 అను సంఖ్యయే పేరుగా గల మఱియొక మాంసకృత్తు. పేరు పెట్టుటకు ఓపిక లేక వారు అంకెతోనే సరిపెట్టిరి. ఒక్కొక్క పుల్లకు సామాన్యముగా ఆఱు త్రాళ్ళు. జాలరి వలలోని ముడివంటి దీ పుల్ల. 1985లో బయర్స్, బ్రాంటన్ అనువారు వలను విప్పి పఱచి, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో ఛాయాచిత్రములు తీయగా, ఆఱు కోణముల కన్నులు వరుసదీరి కనబడినవి. ఆ చిత్రమును చూచినప్పుడు తేనెపట్టు జ్ఞప్తికి వచ్చెను.

వల యున్నంత మాత్రమున చాలదు. గాదెకు అలుకు అంటుకొనియుండవలెను గదా. ఆ యంటును చూపినవాడు వాన్ బెన్నెట్. పొరలో అడ్డముగా దిగవేసిన గుంజలవంటి మాంసకృత్తులున్నవి. ఆ గుంజలకు స్పెక్ట్రిన్ త్రాటిని కట్టియుంచు మాంసకృత్తును అతడు వేఱు చేసి, 1979లో ఆంకిరిన్ అను పేర ప్రకటించెను. గ్రీకు భాషలో అది ఓడ లంగరు పేరునుండి వచ్చినది. ఈ పేరు మాత్రము మంగళకరముగనే యున్నది.

ఇప్పుడు రెండు దారులును కలిసినవి. 1978లో, పుట్టుకతోనే గుండ్రని కణములు గల యొక జాతి ఎలుకలలో స్పెక్ట్రిన్ మిక్కిలి తక్కువగా నున్నదని తెలిసెను. 1982లో పీటర్ ఏగ్రె, బెన్నెట్ మున్నగువారు తీవ్రమైన జబ్బు గల మనుష్యులలోను అదే చూచిరి. స్పెక్ట్రిన్ ఎంత తగ్గిన, కణము అంత గుండ్రమగునని తరువాతి పరీక్షలలో తేలినది. అనేకులలో మూలదోషము ఆంకిరిన్‌లో నుండును. లంగరు లేనిచో త్రాడు నిలువదు. ఈ ఏగ్రెయే పిమ్మట ఇవే ఎఱ్ఱకణముల పొరలో నీరు పోవు ద్వారమును కనిపెట్టి, 2003లో నోబెల్ బహుమానము పొందెను. ఒక్క నెత్తుటిచుక్క ఎందఱికి అన్నము పెట్టినదో!

పిల్లవాని తండ్రి యడిగిన ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పవచ్చును. వలలో దారములు తక్కువైనచోట పైపొరకు ఆధారము లేదు. అచ్చటచ్చట పొర బుడిపెలై ఊడిపోవును. లోపలి ద్రవము అంతే యున్నది, తోలు తఱుగుచున్నది. తోలు తఱిగినకొలది బిళ్ళ ఉబ్బి బంతియగును. సగము నిండిన గోనెసంచిని ఎంత ఇఱుకు కిటికీలోనుండియైనను మడిచి త్రోయవచ్చును. కుక్కి కుట్టిన బస్తా గుమ్మములో చిక్కుకొనును. బంతియైన కణము అట్లే ప్లీహపు సందులలో చిక్కుకొని నశించును. చిక్కినవానితో ప్లీహము ఉబ్బును, అదే బల్ల. నశించిన కణముల యెఱుపు పసుపై కన్నుల కెక్కును; అదే కామెర. పిత్తాశయములో రాళ్ళగును. 120 దినములు బ్రతుకవలసినది కొలది దినములకే రాలిపోవుచుండగా, మజ్జ ఎంత చేసినను నెత్తురు చాలక మధ్యాహ్నపు వేళ తల వాలిపోవును.

త్రాటికి త్రాడు కలియు కొసలు బలహీనమైనచో కణము బంతి గాక కోడిగ్రుడ్డువలె నగును. ఇట్టివానిని 1904లోనే అమెరికాలో డ్రెస్‌బాక్ చూచెను. మలయా, పపువా న్యూగినీ ప్రాంతములలో గుంజలోని యొక లోపముచే కణములు బిఱుసై కోలగా నుండును. ఆ లోపమే తీవ్రమైన మలేరియానుండి పిల్లలను కాపాడుచున్నది. ఈ వల నెత్తుటికి మాత్రమే పరిమితము గాదని గూడ తెలిసినది. మెదడులోను స్పెక్ట్రిన్ జాతి త్రాళ్ళున్నవి. నరముల సన్నని తీగెలలో ఇవి వరుసకట్టి, పీపాకు పట్టెలవలె వలయములను సమదూరమున నిలుపుచున్నట్లు 2013లో చూచిరి.

మా పిల్లవానికి 1992లో ప్లీహమును తీసివేసిరి. శస్త్రమైన ఆఱు మాసములకు కన్నులు తెల్లబడినవి. వాడు బడి చుట్టును పరుగెత్తుట చూచి నేను గుర్తింపలేకపోతిని. అయితే ప్లీహము లేనివానికి కొన్ని సూక్ష్మజీవుల జ్వరములు ప్రాణాంతకములు కాగలవు. పసిపిల్లలలో ఈ యపాయమును 1952లోనే కింగ్, షూమేకర్ అను వైద్యులు ప్రకటించిరి. అందుచే ఇప్పుడు టీకాలు వేసి, సాధ్యమైనంతవఱకు ఐదాఱేండ్లు దాటువఱకు ఆగి, నిజముగా అవసరమైనవారికే తీయుదురు. పిల్లవాడు ప్లీహము లేనివాడని ఏ జ్వరము వచ్చినను ముందుగా వైద్యునితో చెప్పవలెను.

వానికిప్పుడు ఒక కూతురు. ఎనిమిదేండ్లది. దానికిని కన్నులు పచ్చగనే యున్నవి. వాతలు పెట్టింపలేదు. నెత్తురు పరీక్ష చేయించిరి. జబ్బు స్వల్పమే యనియు, ప్లీహమును తీయనక్కఱలేదనియు చెప్పి, వైద్యుడు ఫోలిక్ ఆమ్లపు మాత్రలు వ్రాసియిచ్చెను. మొన్న సంక్రాంతికి తండ్రి దానిని మా యింటికి తీసికొనివచ్చెను. నేను చాపమీద కూర్చుండి, మా దొడ్డిలోని పాత చేపలవలను పఱచి, ముడులను వ్రేలితో చూపుచు ఈ కథ చెప్పితిని. అది వలను రెండు చేతులతో సాగదీసి వదలి, సాగదీసి వదలి, ‘‘తాతగారూ, నాలో ఎన్ని ముళ్ళు తక్కువ?’’ అని యడిగెను. దాని తండ్రి నవ్వుచు, ‘‘లెక్కపెట్టేవాళ్ళు ఉన్నార్లే అమ్మా’’ అనెను. నేను ఆ పిల్లను మా కఱ్ఱబల్లమీద కూర్చుండబెట్టి చేతిలో అరిసె పెట్టితిని.